కాలువ తవ్వించిన క్లౌ దొరగారు (1836–1910)



మన బెంగుళూరు తెలుగు బాప్టిస్టు కుటుంబాలలో ఏ ఇంటి పెద్దను కదిలించినా, తాతల ఊరు ఒంగోలు పక్కనో, కనిగిరి పక్కనో, నెల్లూరు పక్కనో అని చెబుతారు. అలా చెప్పేవారందరికీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి పేరు తెలుసు. ఆ పేరుతోపాటు 2,222 అనే సంఖ్య కూడా తెలుసు. ఒక్క రోజున అంతమంది బాప్తిస్మం పొందారని ఆదివారపు బడిలోనే నేర్చుకుంటాం. అయితే ఆ రోజుకు ముందు పదిహేను నెలలపాటు ఆ దొరగారు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదనీ, ఆ కాలమంతా ఆయన చేసింది మట్టి పని, లెక్కల పని, విత్తనాల పని అనీ చాలామందికి తెలియదు. ఆకలితో ఉన్న ఒక పల్లెకు లండను నగరపు చందా, మద్రాసు ప్రభుత్వపు కూలి, అమెరికా సంఘాల మనిషి, తెలుగు బోధకుని కాలినడక ఎలా కలిసి చేరాయో ఆయన జీవితంలో చూడవచ్చు. అందుకని ఈ సంచికలో ఆయన చరిత్రను ముఖ్యంగా ఆ వైపు నుంచి వ్రాస్తున్నాను.

ఆయన 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో, ఫ్రూస్‌బర్గ్ దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే ఆ కుటుంబం పడమటి ప్రాంతాలకు వలస వెళ్ళింది. అంటే మన సంఘానికి తండ్రివంటి ఈ మనిషి కూడా వలస బిడ్డే. పదిహేడేళ్ళ వయసుకు మిన్నెసోటా అడవులలో భూమి కొలిచే సర్వే దళంలో చేరి, గొలుసు లాగుతూ పని నేర్చుకుని, కొద్ది కాలానికే ప్రభుత్వ సర్వేయరు అయ్యారు. మనుషులు లేని చోట గుడారం వేయడం, చలిలో, బురదలో ఒక ముఠాను నడిపించడం, నేల వాలు చూడడం, కొలత తప్పకుండా వ్రాసుకోవడం ఆ వయసులోనే చేతికి వచ్చాయి. తరువాత న్యాయవాది కావాలని అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ కాలేజీలో చేరారు. అక్కడే మారుమనస్సు పొంది 1858లో బాప్తిస్మం తీసుకున్నారు. వకీలు కావలసినవారు పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఊరూరా సువార్త పుస్తకాలు పంచే పనిలో దిగారు. 1861లో హేరియట్ సండర్లాండ్ గారిని పెళ్ళి చేసుకున్నారు.

అప్పటికి తెలుగు మిషను పరిస్థితి ఏమీ బాగా లేదు. శామ్యూల్ డే గారు 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడి మొదలుపెట్టిన పనికి ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఫలితం వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంది. మిషను మూసివేద్దామని అమెరికాలో సభలు పెట్టి చర్చించిన సంగతి మీకు తెలిసినదే. లైమన్ జ్యూయెట్ గారు మాత్రం మూయడానికి ఒప్పుకోలేదు. ఆ జ్యూయెట్ గారితో కలిసి క్లౌ దంపతులు 1864 నవంబరు 30న బోస్టన్‌లో ఓడ ఎక్కారు. అమెరికాలో అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. దాదాపు అయిదు నెలలు సముద్రం మీద గడిపి 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలుకు కాపురం మార్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఇక్కడ ఎర్రగుంట్ల పేరయ్య గారిని తలచుకోకుండా ముందుకు పోకూడదు. ఈయన తోళ్ళ వ్యాపారి. వ్యాపారం కోసం ఉత్తరాన గోదావరి, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తు సంగతి విన్నారు. అంతకుముందు యోగమార్గంలో గురువును ఆశ్రయించి సాధన చేసినవారు, ఆలోచనాపరులు. దొరగారు ఆయన దగ్గరకు వెళ్ళకముందే ఆయన దొరగారిని వెదుక్కుంటూ వచ్చారు. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరాన ఉన్న ఆయన ఊరు తాళ్ళకొండపాడుకు 1867 జనవరిలో దొరగారు వెళ్ళేసరికి, పేరయ్య గారు సిద్ధపరచిన మనుషులు మూటా ముల్లె సర్దుకుని తోపులో కూర్చుని ఉన్నారు. ఆ ప్రయాణంలో 28 మంది బాప్తిస్మం పొందారు. దొరల చరిత్రలు వ్రాసేటప్పుడు ఈ వరుసను మనవాళ్ళు తిరగవేస్తుంటారు. మొదట నడిచింది పేరయ్య గారు.

ఒంగోలులో బ్రాహ్మణ కుటుంబాలవారు తమ పిల్లల కోసం బడి పెట్టమని కోరి, ఖర్చు కూడా భరిస్తామన్నారు. బడి మొదలైంది. అంతలో మాదిగపల్లెల వారు సంఘంలో చేరడం మొదలయ్యేసరికి, వారిని చేర్చుకుంటే మా పిల్లలను పంపమని పెద్దలు చెప్పారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు ఒక గదిలో విడివిడిగా మోకరించి, లేచి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని చివరి భాగమే కనిపించిందని మన పెద్దలు చెప్పుకునేవారు. బడి పోయింది, పల్లె నిలిచింది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాణ్ణి గనుక బడి పోయిందంటే నాకు మనసు కొంచెం చివుక్కుమంటుంది. అయినా ఆ నష్టం తరువాత పల్లె బడులతో, 1880లో వచ్చిన ఒంగోలు ఉన్నత పాఠశాలతో తీరింది.

చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి తేలికగా ఉన్నా, పల్లెలో ఇవి పెద్ద తిరుగుబాటు. జాతరకు డప్పు కొట్టము, ఆదివారం పొలానికి రాము అన్నవారికి ఊరి బావి, ఊరి దారి, కూలి అన్నీ మూసుకున్నాయి. అలా ఉన్నప్పటికీ పదేళ్ళలో సంఘం మూడు వేలు దాటింది.

అప్పుడు వచ్చింది ధాత కరువు. 1876లో వానలు రెండు కార్లూ తప్పాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చినందున మన పెద్దలు ఆ పేరుతోనే పిలిచారు. ఒంగోలు, నెల్లూరు, కర్నూలు, బళ్ళారి, కడప ఒక ఎత్తు అయితే, ఈ మైసూరు సంస్థానం ఇంకొక ఎత్తు. మనం ఇల్లు కట్టుకుని ఉంటున్న ఈ సీమలోనే పది లక్షల మంది దాకా పోయారు. జోలార్‌పేట మీదుగా రైలులో వచ్చే ధాన్యం కోసం బెంగుళూరు స్టేషను చుట్టూ బక్కచిక్కిన జనం మూగారు. మొత్తం దక్షిణ దేశంలో చనిపోయినవారి లెక్క యాభై లక్షలకు పైగా ఉంటుందని చరిత్రకారులు చెబుతారు. అదే కాలంలో ఈ దేశపు రేవుల నుంచి గోధుమలు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. సహాయం చేసినవారిని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాచిపెట్టడం న్యాయం కాదు.

ప్రభుత్వం ఊరికే అన్నం పెట్టదు. పని చేసినవాడికే కూలి అన్నది నియమం. ఆ కూలి కూడా 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి తగ్గించారు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కంటే తక్కువే. ఆ తిండితో మట్టి తవ్వేవాడు బతకడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ గారు గట్టిగా వాదించారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకుగారి కాలంలో సముద్రతీరం వెంబడి కాలువను కరువు పనిగా పొడిగించడం మొదలైంది. మద్రాసుకు ఉత్తరాన 1806లోనే మొదలైన కాక్రేన్ కాలువను కృష్ణా కాలువలతో కలపడం ఆ పని. మన ఒంగోలు తీరాన పెదగంజాం దగ్గర అది కలుస్తుంది. అదే ఈనాటి బకింగ్‌హాం కాలువ.

పని ఉంది, కూలి ఉంది, మనవాళ్ళు మాత్రం అక్కడ నిలవలేకపోయారు. పని మీద ఉన్న మేస్త్రీలు, గుమాస్తాలు ఊళ్ళో ఉన్న కులపు లెక్కనే కాలువ గట్టుకూ తెచ్చారు. మాదిగపల్లె నుంచి నలభై మైళ్ళు నడిచి వచ్చిన మనిషిని తిట్టి తరిమితే అతను ఎవరికి చెప్పుకుంటాడు? క్లౌ దొరగారు ఇది చూశారు. ప్రభుత్వానికి ఫిర్యాదు కాగితాలు వ్రాస్తూ కూర్చోలేదు. నేరుగా వెళ్ళి మూడున్నర మైళ్ళ కాలువ తవ్వే కంట్రాక్టు తనకే ఇమ్మన్నారు. మిన్నెసోటాలో గొలుసు లాగిన కుర్రవాడి చదువు నలభై ఏళ్ళ వయసులో అక్కరకు వచ్చింది. ఇంజనీర్ల పటం చూసి మట్టి ఎంతో, మనుషులు ఎంతమందో లెక్క వేయగలిగినవారు గనుక ప్రభుత్వం కూడా ఇచ్చింది.

రాజుపాలెం దగ్గర విడిది వేశారు. తాటాకు గుడిసెలు వరుసగా వేశారు. తాగునీటికి బావులు తవ్వారు. మూడు వేల మంది దాకా జనం. మగవారు పారతో తవ్వితే ఆడవారు, పిల్లలు గంపలతో మట్టి ఎత్తి గట్టు మీద పోశారు. పని మీద పెద్దలుగా ఆయన నియమించింది తన బోధకులనే. ముప్పై మంది దాకా బోధకులు, ఒక్కొక్కరి చేతి కింద సుమారు వంద మంది. జీవితంలో మొదటిసారి ఆ కూలివాడి పేరు పుస్తకంలో వ్రాసేవాడు, కొలత వేసేవాడు, డబ్బు చేతిలో పెట్టేవాడు అతని సొంత మనిషి అయ్యాడు. చరిత్రలో చూస్తే బాప్తిస్మాల రేవు కంటే ఈ పుస్తకం నాకు తక్కువగా కనబడదు.

ఆ విడిదిలో ఒకే ఊరివాళ్ళు లేరు. పొదిలి, కంభం, కనిగిరి, దర్శి, వినుకొండ, ఇలా ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరారు. కొందరు కొంచెం కూడబెట్టుకుని వెళ్ళిపోతే వారి చోట కొత్తవారు వచ్చేవారు. మధ్యాహ్నం పనికి విరామం ఇచ్చినప్పుడు, సాయంత్రం పొయ్యిల దగ్గర కూర్చున్నప్పుడు బోధకులు వారితో మాట్లాడేవారు. బరువు మోసేవాళ్ళను తన దగ్గరకు రమ్మని పిలిచిన ప్రభువు సంగతి, నెత్తిన గంపతో రోజంతా నడిచినవారికి వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమైంది. కలరా వచ్చింది. వందలమంది మనుషులు ఆకులు రాలినట్లు రాలారు. బోధకులలోనూ పోయినవారు ఉన్నారు. అయినా విడిది చెదరలేదు. పని పూర్తయింది.

ఇక లండను సంగతి. 1877 ఆగస్టులో మద్రాసులో ఒక సభ జరిగి, గవర్నరుగారి పేరున లండను మేయరుకు తంతి వెళ్ళింది. మేయరు నివాసమైన మాన్షన్ హౌస్‌లో నిధి తెరిచారు. ఇంగ్లండు మిల్లు కార్మికులు, స్కాట్లాండు సంఘాలు, ఆస్ట్రేలియాలో స్థిరపడినవారు, ఎవరికి తోచింది వారు పంపారు. అన్నీ కలిసి సుమారు 8 లక్షల పౌండ్లు పోగయ్యాయి. ఆ నిధికి ఒక హద్దు ఉంది. ప్రభుత్వం కూలి పని చూస్తున్నది గనుక, ప్రభుత్వం చేయని పనులకే ఈ డబ్బు వాడాలి. బట్టలు, కూలిన గుడిసెకు కప్పు, అనాథల పోషణ, అన్నిటికంటే ముఖ్యంగా వాన పడ్డాక చల్లుకోవడానికి విత్తనాలు, చచ్చిపోయిన ఎద్దుకు బదులు ఎద్దు.

విత్తనం సంగతి పట్టణాలలో పెరిగిన మన పిల్లలకు అంత తేలికగా అర్థం కాదు. కరువు వాన పడిన రోజుతో పోదు. విత్తనపు గింజలు కూడా వండుకు తిన్న రైతుకు వాన పడితే ఇంకా దుఃఖం. తడి నేల ఎదురుగా ఉంటుంది, చల్లడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే లండను డబ్బు జిల్లా కమిటీలకు, వాటి నుంచి తాలూకా కమిటీలకు వచ్చి గింజల రూపంలో పల్లెలకు చేరవలసి ఉంది. ఎవరికి నిజంగా లేదో, ఎవరు ఉండి అడుగుతున్నారో లండనులో కూర్చున్న మేయరుకు తెలియదు, మద్రాసు కమిటీకీ తెలియదు. పల్లె పల్లెకూ తిరిగిన బోధకునికి తెలుసు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొరగారు ఆ పంపకపు బాధ్యత వహించారు. ఇచ్చినది తమ సంఘస్థులకు మాత్రమే కాదు. అదే పొలిమేరలో, నిన్నటిదాకా మనవాళ్ళకు బావి మూసిన రైతులు కూడా ఆ గింజల కోసం వచ్చారు, తీసుకువెళ్ళారు.

ఈ వరుసలో ఏ ఒక్కరు తప్పుకున్నా గింజ పల్లె చేరేది కాదు. బోస్టన్‌లోని మిషను సంఘం ఆయనకు జీతమిచ్చి ఇక్కడ నిలబెట్టింది. లండను డబ్బు పంపింది. మద్రాసు ప్రభుత్వం పనీ, పటమూ ఇచ్చింది. వీరికి ఒకరితో ఒకరికి పెద్ద ప్రేమ ఉన్నదని చెప్పలేను. బ్రిటిషు అధికారులకు అమెరికా మిషనరీ పరాయివాడు. చందాలు వసూలు చేయడం కలకత్తాలోని వైస్రాయి లిట్టన్‌కు గిట్టలేదు. అయినా పని నడిచిందంటే, పొలిమేర దగ్గర లెక్క అప్పచెప్పే నమ్మకమైన మనిషి ఉన్నందువల్లనే.

అంతా జరుగుతున్న కాలంలో వేలమంది బాప్తిస్మం అడిగారు. దొరగారు ఒప్పుకోలేదు. కూలి ఇస్తున్న చేతితో, గింజలు పంచుతున్న చేతితో బాప్తిస్మం ఇస్తే అది దేని కోసమో తేల్చడం ఎవరి తరం కాదని ఆయన భయం. 1877 మార్చి నుంచి పదిహేను నెలలు అలాగే ఆపారు. 1878 జూన్ నాటికి ఇక సహాయం డబ్బు లేదనీ, ఎవరూ ఆ ఆశతో రావద్దనీ బోధకుల ద్వారా పల్లెలకు తెలియజేశారు. ఒంగోలులో మశూచి ఉన్నందున, పది మైళ్ళ అవతల గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో బోధకులను కలుసుకున్నారు. అయినా జనం వచ్చారు. తమకు డబ్బు వద్దనీ, కూలి చేసుకు బతుకుతామనీ, బాప్తిస్మం మాత్రం ఇవ్వమనీ అడిగారు. బోధకులు తమ తమ పల్లెలవారిని ఒక్కొక్కరిగా పరీక్షించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో 3,536 మంది ఆ ఏటిలో బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. దొరగారు ఒక్కరికి కూడా స్వయంగా ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి లెక్క 9,606.

అన్నం కోసం చేరారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. బెంగుళూరు ఆఫీసులలో, బడులలో మన పిల్లలు ఈ మాట పడుతుంటారు గనుక నా అభిప్రాయం చెబుతాను. అమెరికా సంఘాలలోనే చాలామంది ఇంత తొందర తగదని సందేహించారు. వచ్చినవారిలో మళ్ళీ ఏదైనా సహాయం దొరుకుతుందేమోనని మనసులో అనుకున్నవారు ఉండి ఉండవచ్చు. ఆకలి చూసిన మనిషి అలా అనుకుంటే అది పాపం కాదు. కానీ తేదీలు చూడండి. కూలి ఇచ్చినన్నాళ్ళూ తలుపు మూసి, డబ్బు అయిపోయిందని చెప్పాక తలుపు తెరిచిన మనిషి అన్నం పెట్టి మతం అమ్మాడనడం కుదరదు. వచ్చినవారిని లాగింది మరొకటి కూడా ఉందని నేను అనుకుంటున్నాను. వందల ఏళ్ళుగా వారి మాటకు విలువ ఇచ్చినవారు లేరు. కాలువ గట్టున ఇచ్చారు.

ఆ తరువాత భారం చిన్నది కాదు. వేలమందికి కాపరులు లేరు, చదువు చెప్పేవారు లేరు. ఒంగోలు సంఘం ప్రపంచంలోనే అతి పెద్ద బాప్టిస్టు సంఘమని పేరు పొందింది గానీ, పేరుతో పల్లె బడి నడవదు. రామాయపట్నం వేదపాఠశాల నుంచి వచ్చినవారు ఒక్కొక్కరు పది, ఇరవై పల్లెలు చూడవలసి వచ్చింది. సంఘాన్ని 1883లో పలు సంఘాలుగా విడదీశారు. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మళ్ళీ ఒకే రోజున 1,671 మంది బాప్తిస్మం పొందారు. పిమ్మట దొరగారు అమెరికా వెళ్ళి 25 మంది కొత్త మిషనరీలు కావాలనీ, 50,000 డాలర్లు కావాలనీ సంఘాలను అడిగి సాధించారు. హేరియట్ దొరసానిగారు 1893లో మరణించారు. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. మాదిగపల్లెల ముసలివారిని కూర్చోబెట్టి వారి కథలు విని వ్రాసి పెట్టిన పుణ్యం ఈమెది. 1899లో ఆ పుస్తకం వచ్చింది. పేరయ్య గారి సంగతులు మనకు దక్కాయంటే ఈమె వల్లనే.

దొరగారు ముసలితనంలో ఒంగోలులో ఉండగానే సహాయపు దారి మరొక వైపు తిరిగింది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళిన తెలుగువారు వేలమంది. అక్కడ వారికి తెలుగులో వాక్యం చెప్పేవారు లేరు. 1903లో తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని నేటాల్ పంపింది. ఇది అమెరికా డబ్బు కాదు. కాలువ గట్టున గంప మోసినవారి, వారి బిడ్డల కానుక. తోటల బారకాసులలో రంగయ్య గారు సంఘాలు కట్టారు, బడులు పెట్టారు, 1915లో ఆ దేశంలోనే మరణించారు.

క్లౌ దొరగారు శరీరం సహకరించక 1910లో అమెరికా తిరిగి వెళ్ళారు. ఆ సంవత్సరమే నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరులో కన్నుమూశారు. ఆయన చెబుతుండగా ఎమ్మా దొరసానిగారు వ్రాసిన జీవిత చరిత్ర 1914లో అచ్చయింది. బకింగ్‌హాం కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యం వేసుకుని పడవలు చాలా కాలం తిరిగాయి. రైలూ లారీలూ వచ్చాక తగ్గిపోయాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రపు నీటిని చాలా చోట్ల ఆ కాలువే తనలోకి తీసుకుని వెనుక ఉన్న ఊళ్ళను కాచింది.